పంజా చూడనిదే పులి అనకు

నేను 1977లో అటవీ శాఖలో గార్డుగా చేరాను. విశాఖలో ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలకి జనాన్ని రానిచ్చింది కూడా ఆ ఏడాదే. ముప్పై అయిదేళ్లు చేసి 2012లో దిగిపోయాను. మధ్యలో ప్రమోషన్లు వచ్చినా ఊళ్లో నా పేరు మాత్రం ఇప్పటికీ 'గార్డు గారే'. ఎండాడలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. తెల్లవారుజామున హైవే మీద లారీల రొద మొదలవక ముందు జూలో సింహం గర్జిస్తే మా పెరట్లోకి వినిపిస్తుంది. సింహం గొంతు ఎనిమిది కిలోమీటర్ల దూరం పోతుందంటారు. మాకంత దూరం కూడా లేదు.

పులి అన్నమాట ఎక్కడ పుట్టినా ఫోను నాకే వస్తుంది. అడిగినవాళ్లకల్లా చెప్పి చెప్పి, ఇక రాసి పెడితే పోతుందని కూర్చున్నాను.

1. ముందు నేల చూడు, తర్వాత నోరు తెరువు

స్టీలు ప్లాంటు వైపు ఒక ఊరు. రాత్రి పదకొండింటికి కబురు. నీళ్ల ట్యాంకు దగ్గర పెద్దపులి కనిపించిందట, దూడంత ఉందట. నేను వెళ్లేసరికి కర్రలు, టార్చిలైట్లు, పళ్లేల చప్పుడు, ఒకాయన చేతిలో దీపావళికి మిగిలిన టపాకాయలు. ట్యాంకు కింద బురదంతా జనం కాళ్లే. ఏనుగు నడిచి వెళ్లినా అక్కడ గుర్తు దొరకదు.

ఒక ముసలమ్మ నా చొక్కా పట్టుకు లాగింది. "ఇటు రా బాబూ. గుంటలు తొక్కేస్తారని తట్ట బోర్లించినాను" అంది. గోడ పక్కన మట్టి మోసే తట్ట, ఎగరకుండా దానిమీద ఇటుక. ఎత్తి చూస్తే కింద ఒకే ఒక్క అడుగు, ఇప్పుడే వేసినట్టు చెక్కుచెదరకుండా ఉంది. నాలుగు వేళ్లు, ఒక్కో వేలి ముందర సూదితో పొడిచినట్టు గోరు గుర్తు. కుక్క. మంచి బలిసిన కుక్కే కానీ, కుక్క.

పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. వేటకీ చెట్టెక్కడానికీ దాచుకున్న కత్తులవి, నేలకి రాసి మొండి చేసుకోదు. అందుకే పులి అడుగులో గోరు గుర్తు పడదు. వేళ్లు కూడా మన చేతివేళ్లలా ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ ఉంటాయి, కుడి కాలో ఎడమ కాలో చెప్పొచ్చు. మడమ దిమ్మ వెనక అంచు మూడు ముక్కలుగా ఉబికి ఉంటుంది. చిరుతది నా అరచేతిలో ఇముడుతుంది. పెద్దపులిదైతే అరచెయ్యి చాలదు. కుక్క అడుగు అలా కాదు. దాని వేళ్లు అటూ ఇటూ జోడుగా ఉంటాయి, దిమ్మ చిన్నది, ముందర గోళ్లు.

కుక్క అని చెప్పగానే జనం మొహాలు ఎలా వాడిపోయాయో చూడాలి. ప్రాణం దక్కిందన్న సంతోషం కంటే పులి పోయిందన్న దిగులే ఎక్కువ. టపాకాయలాయన మాత్రం ఎలాగూ తెచ్చాను కదా అని రెండు కాల్చేశాడు. అప్పట్నించి నా సంచిలో టేపు, చాక్‌పీసు ఉన్నా లేకపోయినా ఆ ముసలమ్మ తట్ట మాత్రం నా తలలో ఉంటుంది. మా శాఖలో ఎన్నో శిక్షణలు ఇచ్చారు, తట్ట సంగతి ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

2. పేరు తప్పు పలికితే జంతువే మారిపోతుంది

చిరుతపులి వేరు, చీతా వేరు. ఈ మాట నేను ఎన్ని వందల సార్లు చెప్పానో. పేపర్లో 'చిరుత కలకలం' అని పైన వేసి కింద చీతా బొమ్మ అచ్చేస్తారు. చిరుతపులి ఒంటి మీద మచ్చలు గులాబీ రేకుల్లా విచ్చుకుని మధ్యలో ఖాళీగా ఉంటాయి. చీతావి నల్ల సిరా చుక్కలు. పైగా కంటి మూల నుంచి నోటి దాకా కాటుక కారినట్టు నల్ల చార. చిరుత రాత్రిపూట పొదల్లో పొంచి ఉండి పట్టేది, చెట్టెక్కేది. చీతా పగలు మైదానంలో పరుగెత్తి పట్టేది. దాని గోళ్లు పూర్తిగా లోపలికి పోవు, కాబట్టి దాని అడుగులో గోరు గుర్తు పడుతుంది. ఇందాక చెప్పినదానికి ఇదో మినహాయింపు, గుర్తుపెట్టుకోండి.

ఇక సివంగి. కొందరు ఆడసింహం అంటారు, కొందరు హైనా అంటారు. తమిళులకి సివింగి అంటే అచ్చంగా చీతాయే. ఆ మాట మన పక్కనే బతికి ఉందంటే ఆ జంతువు కూడా ఒకప్పుడు మన మైదానాల్లో ఉందనే కదా.

ఉంది కూడా. రాజులు చీతాలని పట్టి, మచ్చిక చేసి, కళ్లకి గంతలు కట్టి బండి మీద జింకల వేటకి తీసుకుపోయేవారు. విజయనగరం రాజావారి దగ్గరా ఉండేవి. 1880లో విశాఖపట్నంలో గవర్నరు ఏజెంటుగా పనిచేసిన ఇర్విన్ అనే దొరని చంపింది అలా రాజావారు పెంచిన చీతాయే. మనదేశంలో చీతా మనిషిని చంపినట్టు రికార్డుకెక్కింది అదొక్కటే. అదీ అడవిలోది కాదు, పెంపుడుది. మరోపక్క మనం కొట్టిన చీతాలకి లెక్కే లేదు. 1947లో కొరియా సంస్థానం మహారాజు ఒకే రాత్రి మూడింటిని కాల్చాడు, తర్వాత చీతా కనిపించినట్టు గట్టి దాఖలా లేదు. 1952లో అంతరించిందని ప్రకటించారు. డెబ్బై ఏళ్ల తర్వాత 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిదింటిని విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లో కూనో అడవిలో వదిలారు. ఆ వారమంతా నాకు ఫోన్లే. "చిరుతల్ని తెప్పించడమేంటండీ, మన దగ్గర లేవా?" అని. ఉన్నాయి. 2022 లెక్కల్లో దేశంలో చిరుతపులులు 13,874. చీతా ఒక్కటి కూడా లేదు కాబట్టి తెచ్చారు. పేరు దగ్గర తేడా వస్తే ఇంత తేడా వస్తుంది.

3. సింహాచలంలో సింహం లేదు

మా నాయనమ్మ సింహాచలం కొండ మీద ఒకప్పుడు సింహాలు తిరిగేవని గట్టిగా నమ్మేది. అక్కడున్నది నరసింహస్వామి. అసలు సింహం ఎప్పుడూ తూర్పు కనుమల్లో బతకలేదు. ఒకప్పుడు ఉత్తర భారతమంతా ఉండేది, నర్మద దాటి కిందకి రాలేదంటారు. ఇప్పుడు ఆసియా సింహం లోకం మొత్తంలో గుజరాత్‌లో గిర్ అడవి, దాని చుట్టుపట్ల మాత్రమే. 2025 లెక్కలో 891. సింహానికి గడ్డి, పలచటి అడవి, గుంపు కావాలి. పెద్దపులికి నీడ, నీళ్లు, ఒంటరితనం. మంచు చిరుతకి హిమాలయాల మీద చెట్టు మొలవని రాయి. చిరుతపులి ఒక్కటే ఏది దొరికితే దానితో సర్దుకుంటుంది, మన మధ్యతరగతి వాళ్లలాగ.

4. అడవిలో పులిని చెవులతో చూడాలి

ఎనభైల్లో కొన్నాళ్లు శ్రీశైలం వైపు పంపారు. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యాన్ని 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. అప్పట్లో దేశంలో పులుల రిజర్వులన్నిట్లోకీ విస్తీర్ణంలో అదే పెద్దది, మూడున్నర వేల చదరపు కిలోమీటర్లు దాటి. నాకు జతగా ఒక చెంచు వాచరు. నాకంటే పదేళ్లు పెద్ద, 'అన్నా' అనేవాణ్ని. నేను బూట్లు టపటపలాడిస్తూ నడుస్తుంటే ఆయన రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు, "నువ్వు అడివికి చెప్పి మరీ వస్తన్నావు" అన్నాడు.

ఒక సాయంత్రం వాగు ఒడ్డున కూర్చోబెట్టి మాట్లాడొద్దన్నాడు. కాసేపటికి చెట్టు మీద కొండముచ్చు ఖళ్లున దగ్గినట్టు అరిచింది. దుప్పి ఒకటి 'క్యావ్' అంది. కొద్దిగా ఎడంగా ఇంకో దుప్పి. ఆయన వేలితో గాల్లో గీత గీశాడు, ఇక్కడ మొదలై అక్కడికి పోతోంది అన్నట్టు. చివరికి వాగు అవతల కొండముచ్చులు అందుకున్నాయి. ఆ తర్వాత అంతా సద్దుమణిగింది. "పోయింది" అన్నాడు. పొద్దున్న వెళ్లి చూస్తే ఆయన వేలితో గీసిన దారినే ఇసుకలో అడుగులు. నేను పులిని చూడలేదు. కానీ అది ఎటు నుంచి ఎటు పోయిందో, ఎక్కడ ఆగిందో అన్నీ విన్నాను.

కొండముచ్చు అరుపే నమ్మాలని కూడా ఆయనే చెప్పాడు. దుప్పి ఒక్కోసారి ఉత్తుత్తినే బెదురుతుంది. కొండముచ్చు పైనుంచి చూసి అరుస్తుంది. ఇక చిరుత గొంతు రంపంతో మొద్దు కోసినట్టు గరగరమంటూ ముందుకీ వెనక్కీ ఆడుతుంది. ఒకసారి విన్నవాడు మరిచిపోడు.

5. లెక్క రాసేవాడి చేతిలో తప్పుంటుంది

ఇది నా తప్పు. ఎక్కడ, ఏ ఏడు అన్నది చెప్పను. ఆ రోజుల్లో పులుల లెక్కంటే అడుగుల లెక్కే. గుర్తు మీద గాజు పలక పెట్టి స్కెచ్ పెన్నుతో గీసుకోవడం, లేదంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసుకోవడం. ఒడిశాలో ఎస్.ఆర్. చౌదరి అనే అధికారి అరవైల్లో మొదలుపెట్టిన పద్ధతది. మగదాని అడుగు చదరంగా, ఆడదానిది కాస్త కోలగా ఉంటుందని నేర్పారు.

నేను ఒక వారంలో రెండు అచ్చులు తెచ్చాను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండు పులులని రాశాను. పై ఆఫీసులో కూడా సంతోషించారు, పులి పెరిగిందంటే ఎవరికి చేదు. ఏడాది తర్వాత తట్టింది, మొదటి అచ్చు తీసింది మెత్తటి బురదలో, రెండోది గట్టి మట్టిలో. బురదలో అడుగు విచ్చుకుంటుంది. ఉన్నది ఒకటే ఆడపులి. ఆ మాట చెప్పడానికి నేను పై ఆఫీసుకి వెళ్లలేదు. వెళ్లి ఉండాల్సింది.

నాలాంటివాళ్లు ఎంతమందో. రాజస్థాన్‌లో సరిస్కా అడవిలో కాగితాల మీద పులులు ఉండగానే అడవిలో ఒక్కటీ మిగల్లేదని 2005లో బయటపడింది. ఆ దెబ్బతో పద్ధతి మార్చి కెమెరాలు కట్టారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు, మన వేలిముద్రల్లాగ. 2006లో కొత్త లెక్క తేల్చితే దేశం మొత్తానికి 1,411. గుండె జారిపోయింది. 2022 నాటికి 3,682. ఈ అంకెని నేను నమ్ముతాను. నా గాజు పలకని నమ్మను.

6. బోను ఎంతుంటే లోకం అంతే

సర్కస్‌లో పులుల్నీ సింహాల్నీ ఎలుగుబంట్లనీ ఆడించకూడదని కేంద్రం 1998లో ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ వాళ్లు కోర్టుకెళ్లారు, 2001లో సుప్రీంకోర్టు కూడా ఆ ఉత్తర్వునే సమర్థించింది. మరి ఆ జంతువులన్నీ ఎక్కడికి పోవాలి? అడవిలో వదిలితే ఆకలికి చస్తాయి. వాటిని పెట్టుకోవడానికి దేశంలో కొన్నిచోట్ల పునరావాస కేంద్రాలు కట్టారు. అందులో ఒకటి మన జూ దగ్గరే ఉంది, తిరుపతిలో ఇంకొకటి.

అలా సర్కస్ నుంచి వచ్చిన ఒక ఆడసింహాన్ని రోజూ చూసే పని నాకు కొన్నాళ్లు పడింది. ముసలిది. కోరపళ్లు అరిగిపోయాయి, చెవి చిరిగింది. చెట్లూ నీడా ఉన్న విశాలమైన ఆవరణలోకి వదిలాం. పరిగెత్తుతుందనుకున్నాం. అది గుమ్మం దాటి నాలుగు అడుగులు వేసి ఆగింది. కుడికి తిరిగి రెండు అడుగులు, మళ్లీ తిరిగి నాలుగు. సర్కస్ బండిలో ఉన్న బోను కొలత అది. గోడ లేదు, ఊచ లేదు, కానీ అది తిరగాల్సిన చోట ఠక్కున తిరిగేది. నెల తిరిగేసరికి ఆ గడ్డిలో సరిగ్గా బోనంత చట్రం నేలకి అరిగిపోయింది. వానాకాలం వచ్చి చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగినా ఆ గీత మీద మొలిచేది కాదు.

పిల్లల్ని తీసుకొచ్చిన టీచర్లు అడిగేవారు, "పిల్లలు పుట్టించొచ్చు కదండీ" అని. ఆ సింహాలు ఆఫ్రికా, ఆసియా రక్తాలు కలిసినవి, సర్కస్ వాళ్లు కలిపేసినవి. గిర్ సింహాల్లో కలిస్తే ఆ జాతి చెడుతుంది. అందుకే మగవాటికి ఆపరేషన్ చేసి, ఉన్నన్నాళ్లు తిండి పెట్టి సాగనంపడమే ఆ కేంద్రం పని. జనానికి ఇది రుచించదు. తెల్లపులి కూడా ఇలాంటిదే, అదో ప్రత్యేక జాతి కాదు. ఒక జన్యువు లోపం. 1951లో రీవా అడవిలో పట్టిన మోహన్ అనే ఒక్క పులి కూన సంతానాన్ని వాటిలో వాటికే కట్టి పెంచుకుంటూ వచ్చారు. జూలో దాని ముందే రద్దీ. నాకు మాత్రం ఆ పక్కన నిద్రపోయే మామూలు చారల పులే అందం.

ఆ ఆడసింహం ఎండ నుంచి తప్పుకుని చెట్టు నీడకి వెళ్లడం నేర్చుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ రోజు నేనూ, మాంసం వేసే కుర్రాడూ టీ తాగుతూ దాన్నే చూస్తూ ఉండిపోయాం.

7. వచ్చిన పులి దారి తప్పింది కాదు

2022 మే నెలాఖరులో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పెద్దపులి దిగింది. నెల రోజులు ఊరూరూ తిరిగి పశువుల్ని కొట్టింది. ఎర కట్టి బోన్లు పెట్టారు, కెమెరాలు కట్టారు. బోను చుట్టూ తిరిగి చూసి పోయింది తప్ప లోపలికి పోలేదు. అక్కడి నుంచి అనకాపల్లి జిల్లాలోకి, తర్వాత విజయనగరం వైపు. జీడిమామిడి తోటలు, సరుగుడు, చెరకు. మనకది పొలం, దానికి నడిచే నీడ.

పేపర్లో 'దారి తప్పిన పులి' అని రాశారు. కాదు. మగపులికి ఈడొస్తే తల్లి దగ్గర ఉండనివ్వదు, పెద్ద మగపులి తన హద్దులోకి రానివ్వదు. కాబట్టి కొత్త చోటు వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు నడుస్తుంది. చదువైన కుర్రాడు ఊరు విడిచి ఉక్కు ఫ్యాక్టరీకి వచ్చినట్టే. తాత తండ్రుల నాడు పాపికొండల నుంచి ఒడిశా దాకా అడవి ఒకటిగా ఉండేది. ఇప్పుడు మధ్యలో తోటలు, రోడ్లు, క్వారీలు. అది నడిచింది పాత దారే, మనం కట్టుకున్నవే కొత్తవి.

ఆ రోజుల్లో పాడేరు నుంచి నాకు తెలిసినాయన ఒకరు వచ్చారు. వాళ్ల వంశం కిల్లో. మన్యంలో వంశాలకి జంతువుల పేర్లు ఉంటాయి. పాంగి అంటే గద్ద, గొల్లోరి అంటే కోతి, వంతల అంటే పాము, కిల్లో అంటే పులి. కిల్లో వాళ్లకి పులి చుట్టం. టీవీలో బోను చూపిస్తుంటే ఆయన నవ్వి, "మా వాడికి ఆ ఇల్లు నచ్చలేదులాగుంది" అన్నాడు. పశువు పోయిన రైతుకి ఆ నవ్వు రాదు, అది వేరే సంగతి. ఇంటి ముందు ఈడ్చుకుపోయిన గేదె నెత్తుటి చార చూసినవాడికి చుట్టరికం చెప్పకూడదు. పరిహారం ఇవ్వాలి, అదీ వాడు ఆఫీసు చుట్టూ తిరక్కుండా.

8. కనిపించనిదే మన ఊరి పిల్లి

హైవేకి ఇటు జూ, అటు కంబాలకొండ. 1970 దాకా విజయనగరం రాజావారి చేతిలో ఉన్న అడవి, ఇప్పుడు డెబ్బై చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఒక్క పూటలో కొండ ఆకంతా రాలి గోధుమ రంగైపోయింది. కాలిపోయిందేమో అనుకున్నారు దూరం నుంచి చూసినవాళ్లు. ఆ చలికాలం పాత సహోద్యోగితో కలిసి పైకెళ్లాను. పడిపోయిన మాను మీద, మనిషి పొరపాటున కూడా అడుగు పెట్టని చోట, ఎండిన పెంట. పుల్లతో విప్పాను. కుక్క వెంట్రుకలు. వాటి మధ్య చిన్న ఇత్తడి గజ్జె, ఎవరో ముద్దుగా మెడకి కట్టింది.

జూలో పిల్లుల్ని చూడటానికి టిక్కెట్టు కొంటాం. ఈ పిల్లి మాత్రం మనల్ని ఊరికే చూసి పోతోంది. చెత్త గుట్టలకి కుక్కలు, పందులు చేరతాయి, వాటి కోసం చిరుత వస్తుంది. మనిషి జోలికి సాధారణంగా రాదు. కానీ చిన్నపిల్లలు దాని కంటికి మేకపిల్ల ఎత్తులోనే ఉంటారు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడక దారిలో ఆరేళ్ల పాపని పట్టుకుపోయింది. తర్వాత భక్తులకి చేతికర్రలు ఇచ్చారు. కర్ర ధైర్యానికి మంచిదే. దానికంటే, పొద్దు వాలాక పిల్లల్ని ముందుకి పరిగెత్తనివ్వకుండా మధ్యలో నడిపించడం, దారి పక్కన తిండి పారెయ్యకపోవడం ఎక్కువ పని చేస్తాయి.

మొన్న శనివారం తెల్లారి అయిదింటికి ఫోను. కొండ వైపు అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్.

"గార్డు గారూ, మా కుక్క కనపడట్నేదండి."

"రాత్రి మొరిగిందా?"

"అదే ఇడ్డూరం. గాలి కదిల్తే మొరిగే కుక్క. రాత్రి ఒక్క అరుపు నేదు."

"వెనకాల మట్టి తడిగా ఉందా?"

"మొక్కలకి నీళ్లు పెట్టాం కదండీ, బురదే."

టార్చి కోసం తడుముకుంటూ చెప్పాను. "ఎవర్నీ అటు పోనివ్వకు. నువ్వూ పోకు, దూరం నుంచే చూడు. ఎక్కడైనా అడుగు కనిపిస్తే దాని మీద తట్ట ఏదైనా బోర్లించు. వస్తున్నాను."